ప్రతాపరుద్రుని యవసానకథ: కర్తృవిచారము

ఆంధ్రదేశమున నలంకారశాస్త్రము నభ్యసింపఁ బూనిన విద్యార్థి చేతికి మొదట వచ్చు గ్రంథములలో విద్యానాథుని ప్రతాపరుద్రీయ మొకటి. తొమ్మిది ప్రకరణముల యా గ్రంథమున మొదటిది నాయకప్రకరణము. లక్షణము చెప్పిన చోటనెల్ల లక్ష్యము కాకతీయ ప్రతాపరుద్రుఁడే. ధీరోదాత్తుఁ డాతఁడే, వీరరసమున కాలంబన మాతఁడే, ఉపమ చెప్పినను రూపకము చెప్పినను వర్ణ్యుఁ డాతఁడే. నాటకలక్షణమునకు నిదర్శనముగా నాతని పట్టాభిషేకకథయే యొక నాటకమై గ్రంథమధ్యమున నిలిచినది. మల్లినాథసూరి పుత్రుఁడు కుమారస్వామి రత్నాపణ మను వ్యాఖ్య రచించి యా గ్రంథమునకు శాశ్వతమైన ప్రచారము గల్పించెను. ఐనను గ్రంథము నాద్యంతము వ్యాఖ్యతోఁ గూడఁ బఠించిన విద్యార్థికి, ఆ నాయకునకుఁ దుద కేమయ్యెనో తెలియదు. తెలియఁజేయుట యలంకారగ్రంథము పని కాదు.

అది తెలియునది చరిత్రపాఠమున. అక్కడ వాడుకగాఁ జెప్పఁబడు వాక్య మిట్టిది: 1323లో ఓరుగల్లు తురుష్కుల వశమయ్యెను, బందీగా ఢిల్లీకిఁ గొనిపోఁబడుచున్న ప్రతాపరుద్రుఁడు పరాభవమును సహింపఁజాలక నర్మదానదిలోఁ బడి ప్రాణత్యాగము చేసికొనెను. ఉపాధ్యాయుఁడు దీనిని గంభీరస్వరముతోఁ జెప్పును. పిల్లలు నిశ్శబ్దముగా వినియెదరు. వాక్యము చక్కనిదే. కాని యిందలి పదము లన్నియు నొక యాధారమునుండి వచ్చినవి కావు. నది యొకచోటిది, స్వేచ్ఛ నూఱేండ్ల పిమ్మట మఱియొకచోటిది, నదిలోఁ బడుట యా రెండింటిలో నెచ్చటను లేదు. దేశచరిత్రలోని యొక గొప్ప మలుపును జెప్పు నాధారములు సంఘటనవిషయమునఁ గంటె, ఆ సంఘటనకుఁ గర్త యెవఁడను విషయమున నెక్కువగా భేదించుచున్నవి. ఆ భేదమును గమనింపక వానిని గలిపి చదివినచో నవి చెప్పినది పోయి చెప్పనిది మిగులును.

సంగతి సంగ్రహముగా నిది. ప్రతాపరుద్రుఁడు 1289 మొదలు రాజ్యము చేసెను. 1303లో ఢిల్లీసేన తెలుఁగుదేశముపై మొదటిసారి వచ్చి విఫలమై మరలెను. 1309లో బయలుదేఱిన మాలిక్ కాఫూరు మఱుసటి సంవత్సరారంభమున ఓరుగంటిని ముట్టడించి, కప్పము గైకొని పోయెను. 1318లో ఖుస్రూఖానుఁడు మఱల వచ్చెను. ఢిల్లీలో తుగ్లకువంశము రాజ్యమునకు వచ్చిన పిమ్మట యువరాజైన ఉలుగ్‌ఖానుఁడు దండెత్తెను. సుల్తాను మరణించెనను వదంతి సేనలో వ్యాపింపఁగా నాతని మొదటి ముట్టడి చెడెను. దేవగిరికిఁ దగ్గి, సేనను గూర్చుకొని మరలివచ్చి, 1323లో నాతఁ డోరుగంటిని బట్టుకొనెను. పట్టణమునకు సుల్తాన్‌పురమని పేరు పెట్టఁబడెను. ఇంతవఱకు వివాదము లేదు. వివాదము రాజు కోట వెడలినది మొదలు.

పారసీక చరిత్రకారుఁడు బరనీ 1357 ప్రాంతమునఁ దన గ్రంథమును బూర్తిచేసెను. ఆతని వాక్యమున రాజు, రాజపరివారము, ఏనుఁగులు, ధనము విజేతకు లభించిన వస్తువుల పట్టికలో వరుసగా నిలిచినవి. ఇరువురు సేనాధికారులను దోడిచ్చి రాజును ఢిల్లీకిఁ బంపినట్లు చెప్పి చరిత్రకారుఁడు మఱియొక విషయమునకుఁ బోయెను. రాజిచటఁ గేవలము కర్మ. ఆతని పేరు సయితము లద్దరదేవుఁడని యున్నది. రలలకు భేదము పాటింపని నోళ్లలోఁ బడి రుద్రదేవుఁ డట్లయ్యెను. ఆ రూపమును జూచి నవ్వుకొను పండితులు, మన శాసనములలో మహమ్మదు అహమ్మదుఁడైన సంగతిని గూడ జ్ఞాపక ముంచుకొనవలయును.

ఇంతకంటె విచిత్రమైనది అఫీఫు వ్రాఁత. బరనీకిఁ దరువాతి తరమువాఁడైన యీతఁడు ఫిరోజుషాహ చరిత్రమును రచించుచు, ఆ సుల్తాను మంత్రియైన ఖాన్‌జహాన్ మక్బూలు జీవితమును వర్ణించెను. ఈ మంత్రి పూర్వాశ్రమమునఁ దెలుఁగువాఁడు. తెలుఁగురాజుకడఁ గొప్ప యధికారమున నుండెను. రాజుతోఁ బాటు ఢిల్లీకిఁ బంపఁబడెను. దారిలో రాజు మరణించెను. పిమ్మట నీతఁడు సుల్తాను సమ్ముఖమునకుఁ బోయి మతము మార్చుకొని మక్బూలయ్యెను. కాకతీయవంశపుఁ దుది సార్వభౌముని మరణ మచ్చట నొక యంగవాక్యము. ప్రధానవాక్యమునకుఁ గర్త యాతని సేవకుఁడు. మరణహేతువును, స్థలమును, కాలమును అఫీఫు చెప్పలేదు. చెప్పవలసిన యక్కఱయు నాతనికి లేదు. ఐనను ఢిల్లీపక్షమునుండి రాజమరణమును జెప్పిన వాక్య మదియే కావున దానికి విలువ హెచ్చు. అందుఁ బొగడ్త లేదు, తెగడ్త లేదు. దారిలో మరణించెనన్న మాట మాత్రమే యున్నది.

సాహిత్యపరిశోధకుల కీ మక్బూలు పరాయివాఁడు కాఁడేమో. తిక్కనశిష్యుఁడైన మారన తన మార్కండేయపురాణమును ప్రతాపరుద్రుని సేనాని గన్నయకుఁ గృతి యిచ్చెను. ఆ గన్నయయే యీ మక్బూలని పరిశోధకులు కొంద ఱూహించిరి. ఊహ నిజమైనచోఁ దెలుఁగుకృతిపతి ఢిల్లీ సామ్రాజ్యమునకు మంత్రియయ్యెనన్నమాట. మార్కండేయపురాణమును బఠించుచు నవతారికలోని సేనానిని విస్మరించువారు ఈ యూహనైనను దెలిసికొని యుండుట మంచిది.

ఇఁక మనవారి యాధారములు. వానిలో మొదటిది కోనసీమలోని విలస గ్రామమునకు సంబంధించిన ప్రోలయనాయకుని తామ్రశాసనము. నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ గార్లు పరిష్కరించిన యీ శాసనము ఎపిగ్రాఫియా ఇండికా 32వ సంపుటమునఁ బ్రకటింపఁబడినది. శాసనమునఁ గాలము లేదు; సుమారు 1330 నాఁటి దని పరిశోధకుల నిర్ణయము. ఓరుగల్లు పడిన పిమ్మట పదేండ్లు తిరుగకమున్నే, ఆ విపత్తును గన్నులారఁ జూచినవారు బ్రదికియుండఁగా రచింపఁబడిన సంస్కృతకావ్య మిది. దీనిని శాసనమని చరిత్రకారులకు వదలిపెట్టి సాహిత్యవిమర్శకు లుపేక్షించిరి. అది తగదు. కాకతీయానంతరసాహిత్యమునకుఁ బ్రారంభము వెదకువా రీ రాగిఱేకులయొద్ద నాఁగవలయును.

విలస శాసనకవి కథ చెప్పిన విధానము గమనింపఁదగినది. ప్రతాపరుద్రుఁ డహమ్మద సురత్రాణునితోఁ బోరాడెను. ప్రజల భాగ్యము క్షయించుటచేఁ బట్టువడెను. ఢిల్లీకిఁ గొనిపోఁబడుచు నర్మదాతీరమున స్వర్గస్థుఁడయ్యెను. నదిని కవి సోమోద్భవ యని పేర్కొనెను. పిదప, ప్రతాపరుద్రుఁ డను సూర్యుఁ డస్తమింపఁగాఁ దురుష్కాంధకారము లోకమును గ్రమ్మెనని రూపకము నడపెను. ఇందలి క్రమమును బరీక్షింపుఁడు. చీఁకటి వచ్చి సూర్యుని బడఁద్రోయలేదు. సూర్యుఁ డస్తమించిన పిమ్మటఁ జీఁకటి వచ్చినది. అస్తమయ మకర్మకక్రియ. సూర్యుని నస్తమింపఁజేయువాఁడు లేఁడు. పట్టువడుటకు సయితము శత్రుబలము హేతువు కాదు, ప్రజల భాగ్యక్షయము హేతువు. శత్రువును దీవ్రముగా నిందించిన యీ కవి, రాజపతనమునకు శత్రువును గర్తగా నొప్పుకొనలేదు. నిందకు లోపము లేదు; కర్తృత్వమును మాత్రము శత్రువున కీయలేదు. ఇది పరాజితుల వాక్యరచన. బరనీ వాక్యమున రాజు కర్మయైనట్లే, విలస కవి వాక్యమున విజేత కర్తృత్వభ్రష్టుఁ డయ్యెను.

రాజు లేని దేశస్థితిని వర్ణించు భాగము శాసనమున మిక్కిలి ప్రసిద్ధమైనది. ధనవంతులు ధనముకొఱకుఁ బీడింపఁబడిరి, బ్రాహ్మణులు కర్మలు విడువవలసి వచ్చెను, దేవతామూర్తులు భగ్నములయ్యెను, చిరకాలముగా ననుభవింపఁబడుచున్న యగ్రహారములు హరింపఁబడెను, కృషీవలుల పంట బలవంతముగాఁ గొనిపోఁబడి వారి కుటుంబములు చెడెను, ఇది నాదని చెప్పుకొనుటకు నెవనికిని ధైర్యము లేకపోయెను. ఈ వర్ణనమును ముక్కకు ముక్క ప్రత్యక్షసాక్ష్యముగాఁ గొనువారు కొందఱు. కవిసమయ మని త్రోసివేయువారు మఱికొందఱు. రెండును దొందరపాటులే. పురాణములలోని కలియుగవర్ణనము నెఱిఁగినవానికి ధర్మలోపము, కర్మలోపము, దేవతాభంగము మొదలగునవి యా మూసలోనివని వెంటనే తెలియును. దానశాసనమున దాత ప్రకాశింపవలెనన్నచో ముందు చీఁకటి నిలుపక తప్పదు. వైయాకరణుఁడు సిద్ధాంతమునకు ముందుఁ బూర్వపక్షమును బలపఱచినట్లే యది. కాని పంటను బలవంతముగాఁ గొనుటయు, రైతుకుటుంబములు చెడుటయుఁ గలియుగవర్ణనమున కంత యవసరమైన యంశములు కావు. ఆ మాట మూసనుండి రాలేదు, పొలమునుండి వచ్చినది. అందుకుఁ దార్కాణము శాసనమున ముందే కలదు. ప్రోలయ చేసిన యుద్ధరణములో యజ్ఞములు, అగ్రహారములతోఁ బాటు, రైతులు న్యాయమైన భాగమును దమంతఁ దా మిచ్చిరని కవి ప్రత్యేకముగాఁ జెప్పెను. దానశాసనము భూమినిగుఱించిన పత్రము. భూమినిగుఱించి యది యాడిన మాటను ముందు నమ్మవలయును. మతమునుగుఱించి యాడిన మాటను, అబద్ధమని కాక, కావ్యమని యెఱిఁగి చదువవలయును.

ఇఁక నూఱేండ్లు గడచినవి. 1423లో, శాలివాహన శకము 1345న, రాజమహేంద్రవరరెడ్ల యింటి కోడలు అనితల్లి కలువచేరు శాసనమును వ్రాయించెను. ఈమె కాళిదాసనాటకములకు వ్యాఖ్య రచించిన కాటయవేముని కూఁతురు. శ్రీనాథుని కాశీఖండమునకుఁ గృతిపతియైన వీరభద్రారెడ్డి భార్య. పాండిత్య మింటనే కొలువున్న కుటుంబ మది. ఈ శాసనమును ప్రతాపరుద్రుని జ్ఞాపకము చేయుచున్నది. కాని నర్మద లేదు, ఢిల్లీ లేదు, బంధనము లేదు. రాజు స్వేచ్ఛచే దేవలోకమునకు వేంచేసెను. పిదప భూమి యవనాక్రాంతమయ్యెను, ప్రోలయనాయకుఁ డుద్ధరించెను, ఆతని వెనుక కాపయనాయకుఁడు డెబ్బదియైదుగురు నాయకులచే సేవింపఁబడుచు నేలెను, కాపయ గతించిన పిమ్మట నా నాయకులు తమ తమ పట్టణములకుఁ బోయి తమ భూములను దాము కాపాడుకొనిరి. అటుమీఁద రెడ్ల ప్రశస్తి.

పాణిని స్వతంత్రుఁడైనవానికిఁ గర్తృసంజ్ఞ విధించెను. బరనీకడఁ గర్మయై, అఫీఫుకడ నంగవాక్యమునఁ గేవలము మరణించినవాఁడై, విలసలో దైవవశమునఁ గ్రుంకిన సూర్యుఁడైన రాజు, కలువచేరునకు వచ్చునప్పటికి స్వతంత్రుఁడైన కర్త యయ్యెను. మరణమే యాతని క్రియ యయ్యెను. స్వేచ్ఛచే ననుటలో మహాభారతపాఠకునకు భీష్ముఁడు స్ఫురింపక మానఁడు. శరతల్పగతుఁడయ్యు స్వచ్ఛందమృత్యువైన భీష్ముని పోలిక, శత్రుహస్తగతుఁడయ్యుఁ దన మరణమునకుఁ దానే ప్రభువైన రాజునకుఁ దగియున్నది. అలంకారికు లమంగళవ్యంజకమైన పదమును అశ్లీలదోషమున లెక్కించిరి. చనిపోయెనని చెప్పవలసిన చోట దివి కేఁగెననుట, ఏఁగెననుటకుఁ దన యిచ్చచే నను విశేషణము చేర్చుట కవుల మర్యాద. ఆ మర్యాదను సాక్షివాఙ్మూలముగాఁ గొనరాదు.

అయినను మర్యాద యని మాత్రము చెప్పి వదలుటయుఁ జాలదు. ఈ స్వేచ్ఛ కొక ప్రయోజనము కలదు. అనితల్లి శాసనమున నున్న వరుస రాజ్యాధికారపు వరుస: కాకతీయుఁడు, ప్రోలయ, కాపయ, డెబ్బదియైదుగురు నాయకులు, రెడ్లు. ఒకరినుండి యొకరికి రాజ్యము వచ్చినదని చెప్పవలెనన్నచో మొదటివాఁడు పోఁగొట్టుకొన్నవాఁడు గాక విడిచిపోయినవాఁడు కావలయును. బందీనుండి వచ్చిన యధికారమునకుఁ బ్రతిష్ఠ లేదు. తనంత వేంచేసిన ప్రభువు వెనుక మిగిలిన భూమికి వారసు లుందురు. రాజు స్వతంత్రుఁ డగుట రెడ్ల కవసర మయ్యెను. కారకములు వక్త వివక్ష ననుసరించి యేర్పడు నని శాబ్దికుల మతము. వంటకుండ వండుచున్నదని యనవచ్చు నని వా రుదాహరింతురు. చరిత్రకారకములకు నీ న్యాయమే చెల్లుచున్నది.

విద్యానాథుని నాయకశబ్దమున కేమయ్యెనో చూడవలయును. ప్రతాపరుద్రీయమున నాయకుఁ డొక్కఁడే. గ్రంథమంతయు నాతనికై నడచును. కలువచేరు శాసనమున నాయకులు డెబ్బదియైదుగురు. ధాతు వొకటే, ప్రత్యయ మొకటే. నడపువాఁడని యర్థ మొకటే. ఏకవచనము బహువచనమైనది. 1323నాఁటి మలుపు నొక్కమాటలోఁ జెప్పవలసినచో వ్యాకరణ మింతకంటెఁ జెప్పఁజాలదు.

ఇప్పుడు చరిత్రపాఠమునకు మరలుదము. నర్మదాతీరము విలసలోనిది, స్వేచ్ఛ కలువచేరులోనిది. ఒకదానికి నొకదానికి నడుమ నూఱేండ్లు. ఒకటి ముసునూరివారిది, ఒకటి రెడ్లది. ఒకటి విపత్తును జెప్పఁ బూనినది, ఒకటి వారసత్వమును జెప్పఁ బూనినది. ఆధునికులు మొదటిదానినుండి నదిని, రెండవదానినుండి యిచ్ఛను దీసి, రెంటిని సమసించి యాత్మహత్య యను మూఁడవ యర్థమును సాధించిరి. పదవిధికి సామర్థ్యము కావలయును. పరస్పరాన్వయము లేని పదములకు సమాసము లేదు. రాజుయొక్క భార్య, దేవదత్తునియొక్క పురుషుఁడు అని వేఱు వేఱు వాక్యములలోఁ గలిసి వినఁబడినంతమాత్రమున నడుమనున్న రెండు పదములను గూర్చరాదని పాఠశాలలో మొదటి సంవత్సరముననే చెప్పుదురు. శాసనముల విషయమున నీ నియమమును సడలింపవలసిన కారణము లేదు. ఇఁక నదిలో దుముకుట యా సమాసమునకుఁ దరువాతివారు చేర్చిన విగ్రహవాక్యము. తీర మన్న మాట నీరైనది.

రాజు తానై ప్రాణము విడిచియుండరాదా యని యడుగవచ్చును. ఉండవచ్చును. బందీలైన రాజు లట్లు చేయుట యసంభవము కాదు. గంభీరులైన చరిత్రకారులు గూడ నీ రెండు శాసనములను గలిపి చూచి యట్టి యనుమానమును వెలిబుచ్చిరి. అనుమాన మనుమానముగా నున్నంతవఱకు దోషము లేదు. అది పాఠ్యపుస్తకమునఁ బ్రత్యక్షమై, ఉపన్యాసములలో నాప్తవాక్యమై, పరీక్షలో మార్కులకు యోగ్యమగుటయే యాక్షేపణీయము. పదునాలుగేండ్ల బాలునకు ఆధారము, అనుమానము అను రెండు వేఱువేఱు వస్తువు లున్నవని యీ యొక్క కథచేతనే నేర్పవచ్చు. అట్టి కథను జేతికిచ్చి యా నేర్పుట మానితిమి.

కలువచేరునకుఁ బిదప నింకొక మెట్టు కలదు. పదునాఱవ శతాబ్దమున ఏకామ్రనాథుఁడు రచించిన ప్రతాపరుద్రచరిత్రము తెలుఁగువచనమున వెలసిన చరిత్రగ్రంథములలో మొదట నెన్నఁదగినది. అందు ప్రతాపరుద్రుఁ డసలు దారిలో మరణింపలేదు. ఢిల్లీ చేరెను; సుల్తాను గౌరవించి విడిచెను; కాశిని సేవించి, ఓరుగంటికిఁ దిరిగివచ్చి, కుమారుఁడు వీరభద్రునకుఁ బట్టముగట్టి, కాలము దీఱి గతించెను. కోటకు డెబ్బదియేడు బురుజులు, బురుజున కొక నాయకుఁడు. కలువచేరులో డెబ్బదియైదైన సంఖ్య యిచట నిరువురు పెరిగి కోటగోడ యెక్కినది. కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రమున నీ కథ ద్విపదలకు దిగెను. పరిశోధకులు దీనిని బుక్కిటిపురాణ మని తీసివేసిరి. చారిత్రకాంశములకై వెదకువారికిఁ దీసివేయవలసినదే. కాని మలుపును నాఁటివా రెట్లు తలఁచి రను ప్రశ్నకు దీనివంటి సాక్ష్యము వేఱొకటి లేదు. కర్మయైన రాజు కర్త యగుటతోఁ దృప్తి పడక, కథ యాతని నింటికిఁ దీసికొనివచ్చినది. అపాదానమునకుఁ బాణిని ధ్రువమని పేరు పెట్టెను. ఎచటినుండి యెడఁబాయుట జరుగునో యది కదలక నిలిచియుండును. ఈ గ్రంథకర్తకు ఓరుగల్లు ధ్రువము. రాజు కదలినను మరలి యచ్చటికే రావలయును. విపత్తునకు రెండు వందల యేండ్ల తరువాతఁ బుట్టిన తెలుఁగువానికి మలుపు మలుపుగాఁ గనఁబడలేదు.

క్రీడాభిరామము నీ సందర్భమునఁ దలఁపక తీఱదు. వినుకొండ వల్లభరాయఁడు దానిని రచించునప్పటికి కాకతీయుల ఓరుగల్లు లేదు. ఐనను మంచనశర్మయు టిట్టిభసెట్టియుఁ దిరుగు వీథులలో ప్రతాపరుద్రుని కాలము చెక్కుచెదరక నిలిచియున్నది; ఆతని యుంపుడుకత్తె మాచల్దేవి యిచ్చట నొక ముఖ్యపాత్రము. అందు విలాపము లేదు. పోయిన పట్టణమును బోయినదని చెప్పక చూపుట యొక కవిమార్గము. దానిని నీతిదృష్టితోఁ జూచి ముఖము చిట్లించుకొన్న మునుపటి విమర్శకుల కిది తట్టలేదు.

1945లో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ముసునూరి నాయకుల చరిత్రమును, ఆంధ్రచరిత్రమున విస్మృతమైన యధ్యాయ మను పేరుతో నాంగ్లమునఁ బ్రకటించిరి. ప్రోలయ, కాపయ లను పేరులు నేఁడు పాఠశాలబాలురకుఁ దెలియుటకుఁ గారణ మా గ్రంథమే; ఆ ఋణము తీఱునది కాదు. కాని యది దేశము విదేశపాలనమునుండి విముక్తి కోరి యుద్యమించుచున్న దినములలో వెలువడిన గ్రంథము. ఆ దినముల పలుకుబడి ప్రోలయకథ కంటుకొనినది. పిదపవారు దానిని మఱింత పెంచిరి. ఫలితముగా విలస శాసనమును జదువువారికి విమోచనసమర మొకటి ముందే కనఁబడుచున్నది. విలస కవి మాటలలో ప్రోలయ చేసినది యుద్ధరణము. ఉద్ధరించుట పడినదాని నెత్తుట. అందుఁ గర్త యొక్కఁడు, దైవాంశసంభూతుఁడు. విమోచనమునకు విమోచనము గోరిన ప్రజ యుండవలయును. ఆ ప్రజ శాసనమునఁ గర్తగా నెచ్చటను లేదు. భాగ్యము క్షయించినవారుగాను, పంట పోయినవారుగాను, పిదప భాగమిచ్చినవారుగాను మాత్ర మున్నారు. కలదన్నది మనకాలపు వివక్ష.

ఈ వివక్షకు లొంగని సంగతులు కాపయచరిత్రమున నున్నవి. 1336 ప్రాంతమునఁ గాపయ ఓరుగంటిని మరలఁ గైకొనెను. అప్పు డచ్చటి ఢిల్లీప్రతినిధి పైని జెప్పిన మక్బూలే. తెలుఁగువానిచేతినుండి తెలుఁగువాఁడు గైకొనెనన్నమాట. తరువాత దక్కనులో అమీరులు మహమ్మదు తుగ్లకుపైఁ దిరుగఁబడఁగాఁ గాపయ వారికి సేనాసాహాయ్యము చేసెను. 1347లో వారినాయకుఁడు హసనుఁడు బహమనీరాజ్యమును స్థాపించి, కొలఁదికాలముననే కాపయపైకి వచ్చి కౌలాసకోటను గొనెను. 1364 నాఁటికి గోలకొండయుఁ బోయెను. కాపయకు వైరము ఢిల్లీతో. మతముతో నని యీ నడవడినిబట్టి చెప్పుట కష్టము.

కాపయకు ఆంధ్రదేశాధీశ్వర బిరుదముతోఁ బాటు ఆంధ్రసురత్రాణ బిరుదమును గలదు. సురత్రాణశబ్దము సుల్తానుశబ్దమునకు సంస్కృతపండితులు తొడిగిన చొక్కా. సురలకుఁ ద్రాణ మని విగ్రహము. బాహుళకముచేఁ గర్తయందు ల్యుట్టును జెప్పి సురలను రక్షించువాఁడని సాధింపవచ్చును. విలస కవి యీ మాటను దేవతామూర్తుల భంగమునకుఁ గారకుఁడైన ఢిల్లీప్రభువునకు వాడెను. వాడుచు నవయవార్థమును దలఁచెనో లేదో. తలఁచియుండినచో నది శాసనమంతటిలోఁ దీవ్రమైన వక్రోక్తి. ప్రోలయ తరువాత ముసునూరిరాజ్యమును వహించిన కాపయ యదే మాటను దన బిరుదముగాఁ దాల్చెను. విజయనగరరాజులు హిందురాయసురత్రాణు లైరి. శత్రువునకుఁ బెట్టిన పేరు ముప్పదియేండ్లు తిరుగకమున్నే తమ కలంకార మయ్యెను. యౌగికార్థ మడుగంటి రూఢి నిలిచినది. రూఢిలో సుల్తాను మతము మిగులలేదు, అధికారము మిగిలినది.

పాఠ్యపుస్తకమున కింత యక్కఱలేదు. 1323లో ఓరుగల్లు పట్టువడెను. ప్రతాపరుద్రుఁడు ఢిల్లీకిఁ గొనిపోఁబడుచు దారిలో మరణించెను. నర్మదాతీరమున నని సుమారు 1330 నాఁటి విలస శాసనము, తన యిచ్చచే నని 1423 నాఁటి కలువచేరు శాసనము, తిరిగివచ్చె నని పదునాఱవ శతాబ్దపుఁ బ్రతాపరుద్రచరిత్రము చెప్పుచున్నవి. ఈ వాక్యమును నల్లబల్లపై వ్రాసి, వీనిలో నే దెందుల కట్లు చెప్పెనని బాలుర నడిగి, ఆ దినమునకుఁ బాఠము నచ్చట నాపవచ్చును.